హాస్టల్లో సుహాసిని

2025 జులై 9, బుధవారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. మగ్గం గుంటలో చేరిన నీళ్లు ఎత్తిపోశాను.

పొద్దున విదేశీ అధికారులు ఇద్దరు ఇంటికి వచ్చారు. వాళ్ల దేశం మనతో వ్యాపార ఒప్పందం చేసుకోబోతోంది. ప్రశ్నించినవాళ్లను జైల్లో పెట్టకూడదని అందులో షరతు ఉందట. మా బిడ్డ సుహాసిని ఎక్కడుందని అడిగారు. ధర్నాలో మాట్లాడినందుకు తను జైల్లో ఉంది.

వాళ్ల వెనకాలే ఎస్సై నిలబడ్డాడు. నిన్ననే వచ్చి చెప్పిపోయాడు. “హాస్టల్ల చదువుకుంటాందని చెప్పు. ఒక్క మాట ఎక్కువైతే బెయిలు సంగతి మర్చిపో.”

“హైదరాబాద్ హాస్టల్ల ఉంటాంది సారూ” అన్నాను.

వాళ్లతో వచ్చిన దుబాసీ ఆ మాట వాళ్ల భాషలో చెప్పగానే, ఇద్దరిలో ఒకరైన విదేశీ ఆవిడ నవ్వింది. రేపు వాళ్లు హైదరాబాద్‌లోనే ఉంటారట. హాస్టల్‌కు వెళ్లి పిల్లను కలుస్తారట. ఎస్సై ముఖం మాడిపోయింది. నా అబద్ధమే బిడ్డను బయటికి తెస్తుందేమోనని ఆశ పుట్టింది.

సాయంత్రం జీపు మళ్లీ వచ్చింది.

“సుహాసిని కట్టుకునే చీర ఒకటి ఇయ్యమ్మా” అన్నాడు ఎస్సై.

నా భార్య రమ పెట్టె తెరిచి, బిడ్డ సొంతంగా నేసుకున్న చీర తీసింది. “ఇడుస్తున్నరా సారూ? జాకెట్టు గూడ తీస్కపోండ్రి.”

ఎస్సై చీర అందుకున్నాడు. “మీ బిడ్డ ఎత్తు ఎంతుంటదమ్మా? మాకు దొరికిన పిల్ల జర పొట్టి.”

రమ ఆ చీర కొంగు వదల్లేదు. ఆయన గుంజుకున్నాడు.

రేపు ఆ విదేశీ అధికారులు సుహాసినిని చూసి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఎవరూ అడగరు.

గుంటలో మళ్లీ నీళ్లు చేరాయి. వాటిని ఎత్తిపోయాలి.