నూలు సాంపిల్

"పార్సల్ ఏది?"

హనుమాండ్లు చెప్పులైనా విప్పకుండా అడిగాడు. పొద్దున్నుంచి కాశేలి గోదాములన్నీ తిరిగి, నేసిన బట్ట కొనండని వ్యాపారుల్ని బతిమాలి, ఉత్త చేతులతో నిజాంపురాలోని తన షెడ్డుకు వచ్చిపడ్డ మనిషి. నడుం పట్టేసింది, మాట్లాడే ఓపిక లేదు. ఆటోలో ఉండగా ఫోన్లో పార్సల్ అందిందని మెసేజ్ వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంటిదాకా కూడా వచ్చేవాడు కాదేమో.

మరమగ్గాల షెడ్డు ముందున్న చిన్న గదిలో లెక్కలు చూసుకుంటున్న కూతురు రూపాలి తలెత్తలేదు.

"థాయిలాండ్‌దా బాపూ? పైన నూలు సాంపిల్ అని రాసున్నది. నర్సింహులు మామకు ఇచ్చిన."

"నన్ను అడగకుంట ఎందుకిచ్చినవ్?"

"గదేంది, నువ్వే చెప్తివి గదా. ఏ సాంపిల్ వచ్చినా నన్ను అడుగుడు లేదు, సీదా మామ చేతిల పెట్టాలె అని."

చెప్పిన మాట నిజమే. మొన్నామధ్య ఒక దలాల్ పైన మంచి నూలు చూపించి లోపల కల్తీ నూలు అంటగట్టిపోయాడు. ఆ రోజు మగ్గాల మోతను మించి అరిచాడు హనుమాండ్లు. "ఒక్క పోగు చూసి నమ్మితిమి, మునిగితిమి. ఇగ నుంచి ఆఖరి పోగు దాకా చూడుండ్రి." షెడ్డు పనంతా చూసుకునే నర్సింహులు అప్పుడు తలూపాడు. అతను తలూపితే ఆ పని జరిగిపోయినట్టే.

ఆ కవర్లో ఉన్నది మొక్క. ప్రాణమున్న మొక్క.

ఇంతకు ముందు రెండుసార్లు పై దేశాల నుంచి తెప్పించుకున్నాడు. విత్తనాలు వచ్చినప్పుడు, తెగులు లేదని అక్కడివాళ్లు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేదన్నారు కస్టమ్స్ వాళ్లు. మొక్క వచ్చినప్పుడు, ఇక్కడివాళ్లు ఇవ్వాల్సిన పర్మిట్ లేదన్నారు. రెండూ ఎయిర్‌పోర్టులోనే కాలి బూడిదయ్యాయి. ఇంక తెప్పించనని భార్య గంగాబాయి ముందు ఒట్టు కూడా వేశాడు. కానీ మనసు ఊరుకుంటేగా. పద్ధతిగా పర్మిట్ తీసుకుందామంటే ఆ తిరుగుడు తిరిగే శక్తి ఎక్కడిది? అందుకే ఈసారి అమ్మేవాడితోనే 'నూలు సాంపిల్' అని రాయించాడు. మగ్గాల సేటు పేరు మీద నూలు వస్తే ఎవరికి అనుమానం?

దానికి తగ్గట్టు ఆ మొక్క కూడా చూడ్డానికి అచ్చం చిక్కుపడ్డ నూలే. బూడిద రంగు పోగులు. వేర్లుండవు, మట్టి అడగదు. కిటికీకి వేలాడదీసి కాసిని నీళ్లు చిలకరిస్తే గాలి తాగి బతికేస్తుంది. షెడ్డు మీద రెండు గదుల సంసారం, తడి బట్టలు ఆరేసుకోవడానికే చోటు చాలదు. అలాంటి ఇంట్లో బతకగలిగే మొక్క అదొక్కటే. పొద్దున లేవగానే చూసుకోవడానికి మగ్గం కాకుండా ఇంకొకటి ఉండాలి, అంతే అతని కోరిక. ఇదీ పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు.

"ఏం నూలు బాపూ, గింత పరేషాన్ అయితున్నవ్?" అంది రూపాలి.

మొక్క అంటే సాయంత్రానికి తల్లి చెవిన పడుతుంది.

"ఖాస్ నూలు," అన్నాడు.

"టెన్షన్ నకో ఘేఊ," అంది ఆ ఊరి మరాఠీలో. "పరేషాన్ గాకు. మామ మంచిగ చూస్తనన్నడు."

అతని టెన్షనంతా అదే.

షెడ్డులోకి నడిచాడు. మగ్గాల మోతకు నేల అదురుతోంది. గాలిలో నూగు ఎగిరి కనురెప్పల మీద వాలుతోంది. మొదటి మగ్గం దగ్గర అంకుశం గొంతుక్కూర్చుని, గుప్పెడు బూడిద రంగు పోగులతో యంత్రానికంటిన ఆయిల్ తుడుస్తున్నాడు.

హనుమాండ్లు అది తన మొక్కే అనుకున్నాడు. ఉరికి అతని చేతిలోది లాక్కున్నాడు.

"ఏమైంది సేటూ?" అంకుశం బిత్తరపోయాడు. "వేస్ట్ నూలే గదా. దినాం గిట్లనే తుడుస్తం."

హనుమాండ్లు ఒక పోగు విప్పాడు, లాగాడు, వాసన చూశాడు. ఉత్త నూలే. మాసిపోయిన వేస్ట్ నూలే. దాన్ని కళ్లకద్దుకోబోయి ఆగి అంకుశానికి తిరిగిచ్చేశాడు.

"నర్సింహులు ఏడున్నడు?"

"ఎనుక వరండల. గా సాంపిల్ ముందటేసుకొని అప్పట్నుంచి గాడనే కూసున్నడు. చాయ్‌కి పిలిచినా రాలే."

హనుమాండ్లకు ఒళ్లంతా తేలికైంది. నర్సింహులు తొందరపడే మనిషి కాదు. పోగు పోగు విడదీసి చూస్తాడు, మళ్లీ జాగ్రత్తగా కవర్లో పెడతాడు. ఆ మొక్క విడదీస్తే చచ్చే రకం కూడా కాదు. సాయంత్రానికి కిటికీకి కడితే, ఎవరన్నా అడిగినా నూలు ఆరేశానని చెప్పొచ్చు. చాలా రోజుల తర్వాత హనుమాండ్లకు నవ్వొచ్చింది.

అంతలో వెనక తలుపు తోసుకుని నర్సింహులే వచ్చాడు. పని ముగించిన తృప్తి మొహంలో కనిపిస్తోంది. చేతిలో కవరుంది.

"సాంపిల్ చూసిన సేటూ."

"మొత్తం చూసినవా?"

"నువ్వు చెప్పినంక ఇడుస్తనా? ఆఖరి పోగు దాకా చూసిన."

హనుమాండ్లు ఆత్రంగా కవరందుకుని లోపల చెయ్యి పెట్టాడు. వేళ్లకు ఏమీ తగల్లేదు.

నర్సింహులు జేబులోంచి ఖాళీ అగ్గిపెట్టె తీసి అవతల పారేస్తూ అన్నాడు.

"ఒక్కొక్క పోగు అంటువెట్టి వాసన చూసిన. పోలిస్టర్ లెక్క ముద్ద కట్టలే, కాయితం లెక్క కాలి ఉత్త బూడిదైంది. బేఫికరుండు సేటూ, గిండ్ల మోసమేం లేదు."