మోకాలి లోతు నీళ్ళు

రెండు రోజుల వానకు హనుమకొండలోని ఆ కాలనీ మునిగింది. ఇంట్లో కారు లేదు, ఆటోలు రావడం లేదు. పసిదానికి పాలపొడి అయిపోయింది. శిరీష కాలినడకనే కిరాణా దుకాణానికి బయలుదేరింది.

మోకాలి లోతు మురుగునీళ్ళు. కుళ్ళిన కూరగాయలు, ఎవరో పారేసిన డైపర్లు కాళ్ళకు తగులుతున్నాయి. కొంగుతో ముక్కు మూసుకుని, వాంతి ఆపుకుంటూ నడిచింది.

సందు మలుపులో ఒక ముసలామె నడిరోడ్డున నీళ్ళలో నిలబడి ఉంది. చీరంతా బురద. దగ్గరికి రాగానే శిరీష చెయ్యి పట్టుకుని పక్కకు గుంజింది.

“ఇటు కాదు బిడ్డా, గోడ పొంటి...”

“ఛీ! చెయ్యి వదులు!”

శిరీష విదిలించుకుంది. ముంజేతికి అంటిన నల్లటి బురద చూసి ఒళ్ళు జలదరించింది. గోడ పక్కగా గబగబా నడిచి దుకాణం మెట్లెక్కింది.

“జర నీళ్ళియ్యి సేటూ, చెయ్యి కడుక్కుంట. ఎవలా పిచ్చిది? మీద పడ్తాంది!”

దుకాణదారు కౌంటర్ వెనక నుంచే చెంబు అందించాడు. “కొమురమ్మనా? పిచ్చిది కాదమ్మా. ఆడ మ్యాన్‌హోల్ మూత కొట్టుకపోయింది. ఎవలన్న పడ్తరని పొద్దటిసంది ఆన్నే నిలబడ్డది.”

శిరీష చెయ్యి కడగడం ఆపేసింది.

“మరి నువ్వేం జేస్తానవ్ సేటూ? ఒక్క కట్టెన్న పాతొద్దా?”

“ఆ గలీజుల ఎవలు దిగుతరమ్మా?”

శిరీషకు అచ్చం తన గొంతే విన్నట్టనిపించింది. పాలపొడి తీసి ఉంచమని చెప్పి, షటర్ దించే పొడుగాటి కర్ర అందుకుని మెట్లు దిగింది.