మా వాడే పగలగొట్టాడు!

కారు ముందు అద్దం పగిలినవాళ్ళు షాపుకి ఎలా వస్తారో అద్దాలాయనకి బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడు. మొహాలు వేలాడేసుకుని వస్తారు. పగలగొట్టినవాళ్ళూ, పోగొట్టుకున్నవాళ్ళూ కలిసి వస్తే గుమ్మంలోనే మొదలుపెడతారు తగువు.

ఆ రోజు పొద్దున ఆగిన కారులోంచి మాత్రం నవ్వులు వినిపించాయి.

అద్దం నిండా బీటలు. ఎడమవైపు గుప్పెడంత గుంట. దాని వెనక నలుగురు మనుషులు పెళ్ళికి బయల్దేరినట్టు కూర్చుని ఉన్నారు. కారు నడిపినావిడ దాని సొంతదారు. వెనకనుంచి ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు దిగారు.

“ఎలా పగిలిందండీ?” అని అడిగాడు అద్దాలాయన.

“మా వాడే పగలగొట్టాడు!” అంది ముసలమ్మ, కొడుక్కి మొదటి ర్యాంకు వచ్చినంత సంబరంగా.

“పొరపాటున చెయ్యి జారిందేమో పాపం.”

“జారడమేంటి నాయనా! ఈ మేడమ్ మీద కోపమొచ్చింది. ఇక మా ఇంటికి రావద్దని అరిచి, ఇనపగుండు తీసుకుని ఒక్క విసురు విసిరాడు.”

“గోడకేసి విసిరారు అత్తయ్యా,” అని సరిదిద్దింది కోడలు. “అది పిట్టగోడ దాటి, రెండో అంతస్తు నుంచి కింద రోడ్డు మీదున్న కారు దాకా వెళ్ళిందండీ. అంత దూరం!”

నలభై ఏళ్ళ ఆ మగమనిషి కుర్చీలో కూర్చుని కొత్తపెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

అద్దాలాయనకి ఒళ్ళు మండింది. కారావిడ వైపు చూస్తే, ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

“సాయంత్రం ఐదుకల్లా కారు కావాలండీ,” అంది ఆవిడ. “ఇళ్ళకెళ్ళి నేర్పే పని నాది. ఆరింటికి ఊరి చివర ఒక పెద్దాయన నాకోసం కాచుక్కూర్చుంటారు. మా విద్యలో ఒక్కరోజు మానేసినా కథ మళ్ళీ మొదటికొస్తుంది.”

సంగీతం టీచరు కాబోలు అనుకున్నాడు అద్దాలాయన. పాపం, నోట్లో నాలుక లేని మనిషిలా ఉంది. ఈవిడకి అన్యాయం జరగకూడదని మనసులో గట్టిగా అనుకున్నాడు.

“అద్దం అతికించాక మూడు గంటలు బండి కదపకూడదు మేడమ్. జిగురు ఆరాలి. కాబట్టి ఒంటిగంటకల్లా ఏదో ఒకటి తేల్చండి.”

ఆ మాట విని ముసలమ్మ కొంగు బిగించింది.

మొదటి అద్దం చూపించాడు. బోసిగా ఉందని తీసిపారేసింది. రెండోదానికి పైన పచ్చటి పట్టీ ఉంది. ఎండలో మేడమ్ కళ్ళకి చల్లగా ఉంటుందని కోడలు ముచ్చటపడింది. ముసలమ్మ ఆ అద్దంలోంచి గోడ మీది ట్యూబులైటుని ఒంటికన్నుతో చూసింది. లైటు మధ్యలో కాస్త వంకర తిరిగింది.

“వంకర అద్దాలు అంటగట్టకు. మా మేడమ్ ప్రాణం ఇందులో ఉంటుంది!”

ఆ ప్రేమేదో గుండు విసిరే ముందు ఉండాల్సింది అని నోటిదాకా వచ్చింది అద్దాలాయనకి.

“కంపెనీ అద్దం ఉంది. గోడౌన్ నుంచి రావాలి. ఖరీదు ఎక్కువ,” అన్నాడు.

“అదే!” అన్నారు అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో. బేరమైనా ఆడలేదు.

“ఇంతకంటే మంచిది లేదా నాయనా?” అని ఆశగా అడిగింది ముసలమ్మ.

ఈలోగా టీ వచ్చింది. కోడలు ఊది ఊది మొగుడికి తాగించింది. ఆర్డరు కాగితం ఆయన ముందు పెడితే, కోడలే లాక్కుని సంతకం చేసింది.

“సంతకం కూడా మీరేనా?” అన్నాడు అద్దాలాయన వెటకారంగా.

“ఇంకో రెండు నెలలాగండి, ఆయనే చేస్తారు!” అంది కోడలు. దానికి నలుగురూ విరగబడి నవ్వారు. ఇందులో నవ్వడానికి ఏముందో అద్దాలాయనకి అర్థం కాలేదు.

పన్నెండూ ముప్పావుకి అద్దం దిగింది. ట్యూబులైటు దారం పట్టినంత తిన్నగా కనిపించింది. ముసలమ్మ సరేనంది. అద్దాలాయన ఊపిరి పీల్చుకుని పాత అద్దం ఊడదీశాడు.

“అది పారేయకు. గుడ్డలో చుట్టివ్వు. మా హాల్లో పెట్టుకుంటాం,” అంది ముసలమ్మ.

“సారీ మేడమ్,” అన్నాడు ఆ మగమనిషి అప్పటికి నోరు విప్పి.

“సారీ ఎందుకండీ? కావాలంటే ఈ కొత్తదాని మీద కూడా విసరండి!” అంది కారావిడ.

అద్దాలాయన చేతిలో పనిముట్టు కింద పడింది. ఆవిడ భయపడిపోయి వీళ్ళకి వంత పాడుతోందని ఖాయం చేసుకున్నాడు. కొత్త అద్దం బిగించేదాకా ఓపిక పట్టాడు. బిగించాక, చేతులు తుడుచుకుని, ఆవిడని పక్కకి పిలిచాడు.

“మీ మెతకదనం చూసి నెత్తికెక్కుతున్నారు మేడమ్. ఒకరి కారు పగలగొట్టి పండగ చేసుకునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. పోలీసు కంప్లైంటు ఇవ్వండి. సాక్ష్యానికి నేనొస్తాను.”

“ఎవరి మీద ఇవ్వమంటారు?”

“ఇంకెవరి మీద? విసిరినాయన మీద!”

ఆవిడ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. ఈసారి పకపకా నవ్వుతూ తుడుచుకుంది.

“పక్షవాతంతో పడిపోయిన ఆయన కుడిచేతికి పదకొండు నెలలుగా కసరత్తు నేర్పేది నేనేనండీ, అది మొట్టమొదటిసారి పైకి లేచింది నిన్న నా కారు అద్దం పగలగొట్టడానికే!”