రుచి చూసే వంతు

"ఒక్క ముద్ద తిని చూడు సావుకారమ్మా. నువ్వు మంచిగుందంటేనే పిల్లలకు పెడత," అంటూ వంటామె కన్నమ్మ పీట వేసి, వేడి అన్నం, పప్పు వడ్డించింది.

బడిలో వంట రుచి చూడడానికి రోజుకో తల్లి వంతు. ఈ రోజు కిరాణా కొట్టు జ్ఞానప్రసూనది. బయటి వంట మీద నమ్మకం లేక, ఆమె రోజూ నాలుగింటికే లేచి కూతురికి డబ్బా కడుతుంది. ఇవాళ్టి డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది.

పప్పు వాసన చూసింది. అన్నంలో రాళ్లున్నాయేమోనని వేళ్లతో కెలికింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకోటి, ఇంకోటి.

"అమ్మా, ఇంకెంతసేపు చూస్తవే రుచి? అందరికీ ఆకలైతుంది!" వరసలోంచి కూతురు కిరణ్మయి అరిచింది.

చూస్తే పళ్లెం ఖాళీ. జ్ఞానప్రసూనకు సిగ్గేసింది. ఇంట్లో అందరూ తిన్నాక చల్లారిపోయిన అన్నం నిలబడి తినడమే గానీ, ఇలా కూర్చోబెట్టి వేడిగా వడ్డించినవాళ్లెవరు?

"ఇంకింత పెట్టనా?" కన్నమ్మ అడిగింది.

"చాలు. మరి నువ్వు తిన్నవా?"

"నాదేముందమ్మా! పిల్లలు తిన్నంక, మిగిలితే ఇంత తింట."

అచ్చం తను ఇంట్లో రోజూ అనే మాట.

జ్ఞానప్రసూన లేచి, ఆ పీట కన్నమ్మ వైపు జరిపింది. కూతురి డబ్బా మూత తీసి పీట ముందు పెట్టి, గరిటె అందుకుంది.

"కూసో కన్నమ్మా. పిల్లలకు నేను వడ్డిస్త."