గోలు వదిలి

అద్దం మీద మళ్లీ టకటకా చప్పుడు.

విల్యా వెనక్కి తిరగలేదు. తిరగకపోయినా తెలుసు, గోలు వెనక, మంచు మైదానం చుట్టూ ఉన్న అద్దానికి ఆనుకుని, ప్రతి ఆటకూ వచ్చే ఆ ముసలాయనే.

"వెనక్కి జరుగమ్మా! అంత ముందుకు ఏం పని నీకు?"

కాయాని ఊరి అమ్మాయిల ఐస్ హాకీ జట్టుకు విల్యా గోల్‌కీపర్. గోలును అంటిపెట్టుకుని ఉండడం ఆమెకు చేతకాదు. కొట్టేవాళ్ల మీదికి తనే దూసుకుపోతుంది.

"నువ్వు ముందుకొచ్చేకొద్దీ వాళ్ల కళ్లకు గోలు చిన్నదైపోతుంది," అనేది కోచ్ హెల్కా. "భయపడాల్సింది వాళ్లు. నువ్వు కాదు."

విరామంలో విల్యా ముసుగు పైకెత్తి అడిగింది.

"తాతా, మిమ్మల్ని అవతలి ఔలు జట్టు వాళ్లు గానీ పంపారా?"

జట్టంతా ఘొల్లున నవ్వింది.

"ఒక గోలు పోతే పోనీయమ్మా. ఏమవుతుంది?"

"పోతే పోనీ అనేవాళ్లు ఇంట్లో కూర్చుని స్వెట్టర్లు అల్లుకోవాలి!"

ముసలాయనకు కోపం రాలేదు.

"వేళ్లు ఆడినన్నాళ్లూ అదీ మంచి పనే," అన్నాడు.

ఆట చివర్లో, బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ ఎవరికీ దక్కకుండా మంచు మీద జారుకుంటూ వచ్చింది. ఔలు పిల్ల ఈరిస్ తల వంచుకుని దాని వెంట పడింది.

అద్దం మీద దబదబా బాదుడు.

విల్యా గోలు వదిలి దూకింది.

ఇద్దరూ ఒక్కసారే అందుకోబోయి గుద్దుకున్నారు. ఈరిస్ తల అద్దం కింది చెక్క గోడకు కొట్టుకుంది.

బొక్కబోర్లా పడిన పిల్ల మెల్లగా అడిగింది.

"నా చేతులు ఎవరు పట్టుకున్నారు? వదలండి."

ఎవరూ పట్టుకోలేదు.

"ఎవరి తప్పూ లేదు," అన్నాడు రెఫరీ. హెల్కా కూడా అదే అంది. చివరికి ఈరిస్ తల్లి కూడా.

సరస్సుల మీద మంచు కరిగింది. ఈరిస్ మెడ కింద ఏదీ కదలలేదు.

విల్యా ఆస్పత్రికి వచ్చేది. ఆ గది తలుపు దాకా వెళ్లేది. గడియ మీద చెయ్యి వేసి, తీసేసి, వెళ్లిపోయేది.

ఓ గురువారం మధ్యాహ్నం అలాగే వెనుదిరిగితే, పక్క గదిలో ఆ ముసలాయన కనిపించాడు. మంచం మీది మనిషికి బఠాణీ సూప్ తాగిస్తున్నాడు.

విల్యా గుమ్మంలోనే ఏడ్చేసింది.

"తాతా, మీరు చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు."

ఆయన చెంచా ఆపాడు.

"ఆ పిల్లని చూశావా?"

"లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహంతోనే వెళ్లు. ఆలస్యం చేసేకొద్దీ ఆ తలుపు బరువెక్కుతుంది."

"మీకేం తెలుసు? చెప్పడం తేలికే. గుద్దింది మీరు కాదుగా!"

ముసలాయన తల దించుకుని, మంచం మీది మనిషి గడ్డం తుడిచాడు.

జవాబు ఆ మంచం మీదనుంచి వచ్చింది.

"నన్ను గుద్దిన గోల్‌కీపర్ వస్తాడని రెండేళ్లు ఈ తలుపు వైపే చూశానమ్మా, వచ్చాడు, ఇదిగో, నలభై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్నాడు."