కంచు బిళ్ల

"ఆగరా సూరయ్యా! మూసలో ఎయ్యకు!"

కూర్మయ్య సైకిలు అక్కడే పడేసి కొలిమి దగ్గరికి పరుగెత్తాడు. కంచరి సూరయ్య పట్టకారుతో పట్టుకున్న బిళ్లను గాలిలోనే ఆపాడు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లయిందని, కిందటేడు ఉత్సవ సంఘం వాళ్లు ఉద్యమంలో దెబ్బలు తిన్నవాళ్లకు ఇచ్చిన కంచు బిళ్ల అది. ఒకవైపు జెండా, రెండోవైపు మనిషి పేరు.

"నీకేటి నొప్పి?" అన్నాడు ఎదురుగా కూర్చున్న సోములు. "మా అయ్య బిళ్ల. అయ్య పోయాడు. కరగబోసి ఎద్దుకి గంట సేయించుకుంతన్నాను."

"ఎద్దుకా! సిగ్గు నేదురా? మీ అయ్య దాలయ్య ఏటి సేసాడో ఎరుగుదువా?"

"ఎరగను. సెప్పీవోడు కాదు. కుడిసెయ్యి వంకర. నాగలి పట్టనేకపోతే సిన్నప్పుడే నాను పట్టాను. ఈ బిళ్ల కూడెట్టిందా మాకు?"

"నలభై రెండులో, సంత నడిమధ్య, జెండా వొదలమంటే వొదల్నేదురా! ఆ సెయ్యి ఇరిగితే ఎడం సేత్తో ఎత్తాడు. నానక్కడే ఉన్నాను!"

సూరయ్య పట్టకారు కింద పెట్టాడు. "అయితే తమకీ ఓ బిళ్ల ఇచ్చుంతారు బావూ."

"నాకెందుకిస్తార్రా!" కసిరాడు కూర్మయ్య.

సోములు తగ్గలేదు. "ఊరూరా తిరిగి ఈ బిళ్లలు పోగేస్తన్నావట. పోయినోళ్ల పేర్లతో ఆటేటి నీకు? అసలు మా అయ్యకి నువ్వేటవుతావు?"

కూర్మయ్య సంచిలోంచి ఒక గంట తీసి కొలిమి పక్కన ఠక్కున పెట్టాడు. ఇంట్లో దేవుడికి మోగించే గంట. బిళ్ల కొలిమికి వచ్చిందని తెలియగానే పీఠం మీంచి తీసుకొచ్చాడు.

"ఇది కట్టు నీ ఎద్దుకి! బిళ్ల ఇలా తే."

సోములు గంట మోగించి చూశాడు. బిళ్లను కూర్మయ్య కాళ్ల దగ్గరికి విసిరేశాడు.

ఇంటి దగ్గర భార్య లక్ష్మణమ్మ "గంటేదీ? దేవుడి గంటేటి సేసావు?" అని అరుస్తూనే ఉంది. కూర్మయ్య బిళ్లను చింతపండుతో తోమాడు. పీఠం మీద, మిగతా బిళ్లల పక్కన పెట్టాడు.

తర్వాత వాటి మీది పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ, ఆనాడు సంతలో వాళ్లందరినీ లాఠీతో కొట్టిన ఆ రిటైర్డు కానిస్టేబులు చెంపలేసుకున్నాడు.