గంట కొట్టాం కదా

"పార తియ్యి జార్జీ! ఆ కట్ట తెగ్గొట్టావంటే ఈ కాలవలోనే పడుకుంటా!"

బెస్తవాళ్ల కోటిరత్నం మట్టికట్టకి అడ్డంగా నిలబడింది. జార్జికి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ పేటలో ఆడామగా వంగి కాలవ తవ్వుతుంటే, కింద వీధి బెస్తవాళ్లు ఒక్కరూ రాలేదు. ఆ కట్ట తెగ్గొడితే ఈ ముసురుకి పేటలో నిలిచిన మురుగంతా కిందికి పోతుంది.

"పనికి రారు, ఆపడానికి మాత్రం వస్తారు! సిగ్గుండాలక్కా!"

"నీకుండాలి! ఆ మురుగు పోయేది మా ఇళ్లలోకి. మా అత్త మంచం కింద నీళ్లు నువ్వొచ్చి తోడతావా?"

"మీరూ వచ్చుంటే పెద్ద డ్రెయిను దాకా తవ్వేవాళ్లం. రమ్మంటే రాకపోతిరి!"

"ఎవరు రమ్మన్నారు?"

"చర్చి గంట కొట్టాం కదా! చెవుల్లేవా?"

కోటిరత్నం అతని వంక వింతగా చూసింది. "ఆ గంటకి మేమెప్పుడన్నా వచ్చామా తమ్ముడూ? మీ ప్రార్థనేమో అనుకున్నాం. మావోళ్లు ఇయ్యాల హార్బరుకి కూడా పోలేదు. ఇళ్లలోనే ఉన్నారు."

జార్జి ఎత్తిన పార దించాడు. గంట కొట్టమన్నది తనే. అందరినీ పిలిచాననే అనుకున్నాడు.

వెనకనుంచి భార్య దేవకుమారి కేకేసింది. "ఏంటండీ ఆగిపోయారు? నీళ్లు మన గుమ్మం ఎక్కుతున్నాయి, కొట్టండి!"

"నువ్వాగు!" అని కసిరి, పార అక్కడే పడేసి కింద వీధిలోకి దిగాడు. మొదటి తలుపు దబదబా బాదాడు.

"అప్పారావన్నా! పెద్ద డ్రెయిను దాకా కాలవ తవ్వాలి, రా!"

తలుపు తెరుచుకుంది.

"ఇప్పుడా పిలిచేది?" అని గయ్యిమన్నాడు అప్పారావు. విసవిసా లోపలికెళ్లి గునపం తెచ్చాడు.